గ్యాసుంది, బొగ్గుంది, జీడిపిక్కలున్నాయి... మరి డబ్బులేవి?

పాఠకుల ప్రశ్నలు – మాస్టారి జవాబులు

పలాస, కాశీబుగ్గ జీడి యూనిట్లకు ఆఫ్రికా పిక్కలు ఎందుకొస్తున్నాయో పోయిన సంచికలో రాస్తూ, మాట వరసకి మొజాంబిక్ పేరు ఎత్తాను. అంతే, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. కాబట్టి ఈ నెల శీర్షిక మొత్తం ఆ దేశానికే ఇచ్చేస్తున్నాను, క్రికెట్ ప్రశ్నలు పంపినవాళ్లు ఏమీ అనుకోవద్దు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మొజాంబిక్ ఆఫ్రికా తూర్పు తీరాన, మడగాస్కర్‌కి ఎదురుగా ఉంటుంది. రాజధాని మపూటో. పోర్చుగీసువాళ్ల నుంచి 1975 జూన్ 25న స్వాతంత్ర్యం వచ్చింది, రెండేళ్లు తిరక్కుండానే అంతర్యుద్ధం మొదలై 1992 దాకా సాగింది. జనాభా మూడు కోట్ల పైనే. భూమిలో లేనిది లేదు, ప్రపంచంలో అతి పేద దేశాల జాబితాలో మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

మాస్టారూ, మాది కాశీబుగ్గ. మా యూనిట్‌కి వచ్చే బస్తాల మీద ఆఫ్రికా దేశాల పేర్లుంటాయి. అంత దూరం నుంచి ఓడలో పిక్కలు పంపే బదులు అక్కడే కొట్టి పప్పు చేసుకుని అమ్ముకోవచ్చు కదా? వాళ్లకి చేతకాదా?

చేతకాకపోవడం కాదండీ, ఒకప్పుడు వాళ్లే మొనగాళ్లు. 1970ల మొదట్లో ప్రపంచంలో జీడిపిక్కలు అందరికంటే ఎక్కువ పండించింది మొజాంబికే, ఏడాదికి రెండు లక్షల టన్నుల పైన. ఫ్యాక్టరీలు కూడా అక్కడే పెట్టుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక, పిక్క పిక్కలాగే దేశం దాటకూడదని ఎగుమతిని నిషేధించారు. తర్వాత యుద్ధం. ఊళ్లు ఖాళీ అయ్యాయి, చెట్లు ముసలివయ్యాయి, బూడిద తెగులు పట్టింది, కొత్త మొక్క నాటే నాథుడు లేడు.

అసలు దెబ్బ యుద్ధం అయ్యాక తగిలింది. 1990లలో అప్పు కోసం వెళ్తే ప్రపంచ బ్యాంకు ఒక షరతు పెట్టింది: పిక్కల ఎగుమతి మీద పన్ను తగ్గించండి, పిక్కలు స్వేచ్ఛగా బయటికి పోతే రైతుకి మంచి రేటు వస్తుంది అని. కాగితం మీద తప్పు లేని లెక్కే. ఆ తర్వాత పన్ను 20 శాతం నుంచి 14 శాతానికి దించారు. సరిగ్గా అప్పుడే ప్రభుత్వ ఫ్యాక్టరీలను ప్రైవేటువాళ్లు కొన్నారు, కొని ఇంకా మిషన్లు తుడుచుకుంటుండగానే పిక్కలు ఓడెక్కడం మొదలెట్టాయి. ఎక్కడికి? ఎక్కువ భాగం మన దేశానికే. పదివేలమంది పనిచేసే పరిశ్రమలో నాలుగైదేళ్లలో ఎక్కువమంది, అందులో సగానికి సగం ఆడవాళ్లు, ఇళ్లకు పోయారు. మరి రైతు బాగుపడ్డాడా అంటే అదీ పెద్దగా లేదు, పెరిగిన రేటులో సింహభాగం ఊరూరా తిరిగి కొనే వ్యాపారి, ఓడరేవు దగ్గర కూర్చున్న ఎగుమతిదారు పంచుకున్నారు. 1999లో వాళ్ల పార్లమెంటు మళ్లీ పన్ను పెంచింది గానీ అప్పటికే చాలా షెడ్లకు తాళాలు పడ్డాయి. ఆ తర్వాత నంపుల ప్రాంతంలో చిన్న ఫ్యాక్టరీలు కొన్ని లేచాయి. తమాషా ఏమిటంటే, పాత పెద్ద మిషన్లు వదిలేసి వాళ్లు పట్టుకున్నది మన పద్ధతినే. పిక్కను ఆవిరి పట్టి, ఒక్కొక్కటీ కటింగ్ మిషన్ మీద పెట్టి కాలితో తొక్కి పగలగొట్టడం.

మీ యూనిట్లో మీరు రోజూ చూసేదే కాబట్టి లెక్క మీకు చెప్పక్కర్లేదు, మిగతా పాఠకుల కోసం చెబుతున్నాను. వ్యాపారి పిక్కని బరువు చూసి కొనడు. శాంపిల్‌కి కొన్ని పిక్కలు కోసి, 80 కేజీల బస్తాకి ఎన్ని పౌండ్ల పప్పు దిగుతుందో చూస్తాడు, దాన్నే అవుటర్న్ అంటారు. 48 పౌండ్లు దిగితే మంచి సరుకు. అంటే బస్తాలో నాలుగో వంతుకి కాస్త పైన పప్పు, మిగతాదంతా తొక్కే. ఆ తొక్కకి కూడా ఓడ కిరాయి కట్టి తెస్తున్నామంటే, ఇక్కడ చేతులకి నూనో బూడిదో రాసుకుని జీడి కారుతున్నా కటింగ్ చేసే ఆడవాళ్ల కూలి, పీలింగ్ చేసి గుండ్లు వేరు, బద్దలు వేరు, ముక్కలు వేరు చేసే చేతులు, ఆ పనిమీద వచ్చే లాభం అంత ఉందన్నమాట. ఆ కూలీ, ఆ లాభం మొజాంబిక్‌లో పోయి మన దగ్గర, తర్వాత వియత్నాంలో తేలాయి. మనం దొంగిలించామని నేను అనను. కానీ పలాసలో బాయిలర్ వెలగడానికీ అక్కడి షెడ్డుకి తాళం పడడానికీ సంబంధం లేదని కూడా అనలేను.

వజ్రపుకొత్తూరు మండలం రైతుని. తిత్లీ తుపానుకి తోట పోయింది, మళ్లీ వేసుకున్నాను. పిక్కలు చేతికొచ్చే వేళకి విదేశీ సరుకు దింపి రేటు పడగొడుతున్నారు. బస్తాకి 16 వేలు ఇమ్మంటే ఎవడూ వినడు. ఆ ఆఫ్రికా పిక్కలు ఆపేయించే మార్గం లేదేటి?

మీ కోపం న్యాయమైనదే, అమ్మబోతే అడవి కొనబోతే కొరివి అన్నట్టుంది ఉద్దానం రైతు పని. కాకపోతే గురి సరిచూసుకోవాలి. మొజాంబిక్, టాంజానియా పంట అక్టోబర్ నుంచి జనవరి మధ్య వస్తుంది, అప్పటికి మీ చెట్టు ఇంకా పూత కూడా సరిగా పట్టదు. మీ పంట మార్చి నుంచి మే దాకా, సరిగ్గా ఆ నెలల్లోనే దిగేది పశ్చిమ ఆఫ్రికా సరుకు, అంటే ఐవరీ కోస్ట్, ఘనా లాంటి దేశాల పిక్కలు. మీ రేటు మీద కూర్చునేది అదీ. మొత్తంగా ఆపేస్తే యూనిట్లు ఏడాదిలో సగం రోజులు మూతే, ఎందుకంటే దేశంలో ఫ్యాక్టరీలకు కావలసినన్ని పిక్కలు మన తోటలు ఇవ్వవు. దిగుమతి సుంకం 2018లో 5 శాతం నుంచి రెండున్నరకి తగ్గించారు. మీరు అడగాల్సింది నిషేధం కాదు, మన పంట వచ్చే ఆ రెండు మూడు నెలలకి మాత్రం సుంకం పెంచమని. ఢిల్లీలో పెట్టాల్సిన అర్జీ అది, ఇక్కడ ఎమ్మార్వో ఆఫీసు ముందు కూర్చుంటే తెగదు.

నమస్తే సార్. బొబ్బిలి నుంచి రాస్తున్నాను. కిరాణా కొట్టాయన "ఇది మొజాంబిక్ కందిపప్పు, రేటు తక్కువ" అని ఇచ్చాడు. నిజంగా అక్కడిదేనా? వాళ్లూ పప్పన్నం తింటారా?

నిజమే అయ్యుండొచ్చమ్మా. 2016 జూలైలో మన ప్రధాని మపూటో వెళ్లినప్పుడు ఒప్పందం అయింది. మొదటి ఏడాది లక్ష టన్నులతో మొదలుపెట్టి, 2020-21 నాటికి రెండు లక్షల టన్నుల దాకా కందులూ ఇతర పప్పుధాన్యాలూ కొంటామని. మన దగ్గర అంతకుముందు ఏడాది కందిపప్పు కేజీ రెండు వందలు దాటడం మీకు గుర్తుండే ఉంటుంది, ఆ భయంలో చేసుకున్నది. అక్కడి రైతులు ఎగబడి కంది వేశారు. 2017లో మన దగ్గర పంట విరగపండి, ఆగస్టులో దిగుమతుల మీద పరిమితి పెట్టేసరికి అక్కడ రేటు అడుగంటింది. ఒప్పందం కింద కొనే సరుకుకి మినహాయింపు ఉన్నా, ఊళ్లో బస్తా పట్టుకుని కూర్చున్న రైతుకి అది చేరలేదు. వాళ్లు కందులు తినరని కాదు గానీ ఎక్కువగా పండించేది మన కోసమే, కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ఇంతే. వాళ్ల రోజువారీ తిండి మొక్కజొన్న పిండితో చేసే ముద్ద, కర్రపెండలం. కొనేటప్పుడు పప్పు ఉడుకుతుందో లేదో చూసుకోండి, పాత సరుకైతే ఎక్కడిదైనా ఉడకదు.

గరివిడి నుంచి, రిటైర్డు గని ఉద్యోగిని. మన జిల్లాలో మాంగనీసు 1890ల నుంచి తవ్వుతున్నారు, తవ్వినవాడు తవ్వినట్టే ఉన్నాడు. మొజాంబిక్‌లో బొగ్గు తవ్వుతున్న ఊళ్ల పరిస్థితి కూడా ఇంతేనా?

మీకు తెలిసిన కథే, కాస్త పెద్ద అక్షరాల్లో. టెటే రాష్ట్రంలో మొయాటిజె అనే చోట మంచి కోకింగ్ కోల్ ఉంది, ఉక్కు కొలుముల్లో వాడేది. బ్రెజిల్ కంపెనీ వాలె గని కోసం దాదాపు 1,300 కుటుంబాలను లేపి, ఒక భాగాన్ని నలభై కిలోమీటర్ల దూరంలో కటేమె అనే కొత్త ఊరికి పంపింది. ఇళ్లు వరసగా, ఫొటోలో బాగున్నాయి. గోడలు పగుళ్లిచ్చాయి, నీళ్లు చాల్లేదు, ఇచ్చిన పొలం రాళ్లగుట్ట, టౌన్‌కి వెళ్లి కట్టెలో ఇటుకలో అమ్ముకుందామంటే దూరాభారం. 2012 జనవరిలో ఆ జనం బొగ్గు రైలు పట్టాల మీద కూర్చున్నారు. పోలీసులు కొట్టి లేపారు, తర్వాతే ఇళ్ల రిపేర్లు మొదలయ్యాయి.

గని పన్నులో చుట్టుపక్కల ఊళ్లకు 2013 నుంచి ఇస్తున్నది 2.75 శాతం. మన దగ్గర 2015 చట్టంతో వచ్చిన జిల్లా మినరల్ ఫౌండేషన్‌కి రాయల్టీలో పదో వంతు, పాత లీజులైతే 30 శాతం కట్టాలి. ఆ డబ్బు మీ మండలంలో ఎక్కడ ఖర్చయిందో సమాచార హక్కు కింద అడిగి నాకు రాయండి, ఇక్కడే వేద్దాం.

ఇంకో ముక్క, మీకు నచ్చుతుంది. పక్కనే బెంగా అనే గని ఉంది. 2011లో రియో టింటో అనే పెద్ద కంపెనీ ఆ గని ఉన్న సంస్థని 370 కోట్ల డాలర్ల పైన పెట్టి కొన్నది. జాంబేజి నది మీద బార్జీల్లో బొగ్గు సముద్రానికి తోద్దామనుకున్నారు, ప్రభుత్వం పర్యావరణం పేరు చెప్పి కుదరదంది. ఉన్న ఒక్క రైలు పట్టా చాలదు. రెండేళ్లకే దాదాపు 300 కోట్ల డాలర్లు నష్టంగా రాసేసుకుని, 2014లో మన ప్రభుత్వ కంపెనీల కూటమికి 5 కోట్ల డాలర్లకు అమ్మేశారు. ఆ కూటమిలో సెయిల్, ఎన్ఎండీసీతో పాటు మన వైజాగ్ స్టీల్ కూడా ఉంది. కారుచౌకగా కొన్నామని చంకలు గుద్దుకున్నాం, తీరా చూస్తే బొగ్గు రేటు పడిపోయి మనవాళ్లూ కొన్నాళ్లు గని ఆపుకోవాల్సొచ్చింది. భూమిలో ఉన్నదాని విలువ సగం రైలు పట్టాలోనే ఉంటుంది. వాలె మలావీ మీదుగా నకాలా రేవు దాకా తొమ్మిది వందల కిలోమీటర్ల లైను సిద్ధం చేసుకుంది, అయినా చివరికి బొగ్గు వ్యాపారమే వద్దనుకుని 2022లో జిందాల్ కుటుంబానికి చెందిన వల్కన్‌కి అమ్ముకుని పోయింది.

మాస్టారూ, విజయనగరంలో డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. మొజాంబిక్ జీడీపీ ఏళ్ల తరబడి ఏడెనిమిది శాతం పెరిగిందని పుస్తకంలో ఉంది. అంత పెరిగితే పేదరికం తగ్గాలి కదా? పరీక్షకి ఎలా రాయాలి?

పరీక్షకి మీ లెక్చరర్ చెప్పినట్టే రాయి తల్లీ, మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. అర్థం కావడానికి మాత్రం మొజాల్ అనే ఒక్క ఫ్యాక్టరీ చాలు.

మపూటో పక్కన ఉన్న అల్యూమినియం ఫ్యాక్టరీ అది, 2000లో మొదలైంది. ముడిసరుకు అల్యూమినా ఆస్ట్రేలియా నుంచి ఓడలో వచ్చేది. అల్యూమినియం ఓడలో యూరప్‌కి పోయేది. మధ్యలో మొజాంబిక్‌ది ఏముంది? కరెంటు అందామంటే, వాళ్ల జాంబేజి నది మీద కహోరా బాస్సా డ్యామ్‌లో 2,075 మెగావాట్లు పుడుతుంది, అందులో ఎక్కువ భాగం దక్షిణాఫ్రికాకి పోయి, అక్కడి విద్యుత్ సంస్థ నుంచి మొజాల్‌కి కొని తెచ్చుకోవాల్సొచ్చేది. 2007 దాకా ఆ డ్యామ్‌లో పెద్ద వాటా పోర్చుగల్‌దే. పన్నులు కూడా దాదాపు మాఫీ, అమ్మకాల మీద ఒక్క శాతం కడితే సరిపోయేది. ఉద్యోగాలు వెయ్యి పైచిలుకు. దేశం ఎగుమతుల పట్టికలో మాత్రం ఏళ్ల తరబడి మొదటి వరసలో ఉంది. జీడీపీలో పడుతుంది, ఎగుమతుల్లో పడుతుంది, పల్లెటూరి ఇంట్లో పడదు. ఇలాంటివి నాలుగైదు కలిస్తే నీ పుస్తకంలో ఉన్న ఏడెనిమిది శాతం.

పేదల లెక్క కూడా చూడు: 2014-15 సర్వేలో సగానికి కొంచెం తక్కువమంది పేదలు, 2019-20కి 60 శాతం దాటారు. మధ్యలో ఏం జరిగిందో కింది ఉత్తరానికి రాసిన జవాబులో ఉంది. 2019 మార్చిలో ఇదాయి తుపాను బెయిరా ఊరిని ఊడ్చిపెట్టేసింది కూడా, దాన్నీ లెక్కలో వేసుకో.

మాది భావనపాడు, వేటకెళ్లే కుటుంబం. మొజాంబిక్‌లో ట్యూనా పడవల పేరుతో దేశాన్నే ముంచేశారని మా అబ్బాయి ఫోన్‌లో చూపించాడు. పడవలు కొంటే దేశం ఎలా మునుగుతుంది?

పడవల వల్ల కాదండీ, పడవల పేరుతో తెచ్చిన అప్పు వల్ల. 2013లో ఎమాటుమ్ అనే ప్రభుత్వ కంపెనీ ఒకటి పుట్టింది, ట్యూనా పడతామని 85 కోట్ల డాలర్లు తెచ్చింది. ఫ్రాన్స్‌లో కట్టిన వేట పడవలు ఇరవైనాలుగు, కాపలా పడవలు మూడు. మీరు వేటకెళ్లేవాళ్లు, మీకు తెలుస్తుంది: పడవుంటే వేట అయిపోదు, ఐసు కావాలి, డీజిలు కావాలి, నడిపే సరంగు కావాలి, ఒడ్డున కొనేవాడుండాలి. అవేవీ చూడలేదు. చాలా పడవలు మపూటో రేవులో కట్టేసి తుప్పుపట్టాయి.

అది బయటికి తెలిసిన అప్పు. తెలియనివి ఇంకో రెండు: తీరం కాపలాకని ప్రొయిండికస్ అనే కంపెనీ పేరు మీద 62 కోట్లు, ఓడల రిపేరు యార్డుకని మామ్ అనే కంపెనీ పేరు మీద 53 కోట్లు. మూడూ కలిపి 200 కోట్ల డాలర్లు, దేశం ఏడాది మొత్తం సంపాదనలో పదో వంతు పైమాటే. ఇచ్చింది స్విట్జర్లాండ్ బ్యాంకు క్రెడిట్ స్విస్, రష్యా బ్యాంకు వీటీబీ. హామీ ఇచ్చింది ప్రభుత్వం, పార్లమెంటుకి చెప్పకుండా. అంటే సంతకం పెట్టింది నలుగురు, పూచీ పడ్డది మూడు కోట్లమంది.

ఎందుకంత ధైర్యంగా ఇచ్చారు? 2010 నుంచి ఉత్తరాన కాబో డెల్గాడో తీరంలో బోలెడంత గ్యాస్ దొరికింది కాబట్టి. రేపో మాపో గ్యాస్ డబ్బు వచ్చేస్తుంది, అప్పుడు తీర్చేద్దాం అనుకున్నారు ఇచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ. నా దృష్టిలో ఆ దేశాన్ని దెబ్బతీసింది గ్యాస్ కాదు, రాని గ్యాస్ డబ్బుని ముందే ఖర్చుపెట్టడం.

2016 ఏప్రిల్‌లో గుట్టు బయటపడింది. ఐఎంఎఫ్, సాయం చేసే దేశాలూ డబ్బు ఆపేశాయి. వాళ్ల కరెన్సీ మెటికల్, 2014లో డాలర్‌కి ముప్పై చిల్లర ఉండేది, 2016 ఆఖరుకి డెబ్బై దాటింది. బియ్యం, గోధుమ, మందులు అన్నీ బయటినుంచి కొనే దేశం కదా, బజార్లో ధరలు మండిపోయాయి. 2017 జనవరిలో వాయిదా కట్టలేక చేతులెత్తేశారు. ఆ అప్పులు తెచ్చినప్పటి ఆర్థిక మంత్రి మాన్యుయెల్ చాంగ్ 2018 డిసెంబర్‌లో దక్షిణాఫ్రికాలో దొరికాడు, 2024లో న్యూయార్క్ కోర్టు దోషి అన్నది, 2025 జనవరిలో ఎనిమిదిన్నరేళ్ల శిక్ష వేసింది. మాజీ అధ్యక్షుడి కొడుక్కి వాళ్ల దేశంలోనే పన్నెండేళ్లు పడింది. క్రెడిట్ స్విస్ 2021లో తప్పు ఒప్పుకుని అమెరికా, బ్రిటన్ సంస్థలకు 47 కోట్ల డాలర్ల పైన జరిమానాలు కట్టింది, మొజాంబిక్‌కి 20 కోట్ల అప్పు మాఫీ చేసింది. అంటే మునిగినవాడికి దక్కిన దానికంటే కేసు చూసినవాడికి దక్కిందే ఎక్కువ. ఇదే నాకు మింగుడుపడనిది.

అక్కడ మన తెలుగువాళ్లున్నారా?

ఉద్యోగాలకి వెళ్లినవాళ్లు ఉన్నారు. తరతరాలుగా వ్యాపారాల్లో పాతుకుపోయినవాళ్లు మాత్రం గుజరాతీలు, డయ్యూవాళ్లు. పోర్చుగీసు కాలం నాటి సంబంధం అది.

మాస్టారూ, సోంపేట దగ్గర మాది. వెల్డర్ని, రెండేళ్లు గల్ఫ్‌లో చేశాను. మొజాంబిక్‌లో గ్యాస్ ప్రాజెక్టుకి మనుషుల్ని తీస్తున్నారు, రెండు లక్షలు కడితే పంపిస్తానంటున్నాడు ఏజెంటు. వెళ్లమంటారా? ఇంట్లో టెన్షన్ పడుతున్నారు.

ఇంట్లోవాళ్ల టెన్షన్‌లో అర్థముంది తమ్ముడూ. ప్రాజెక్టు నిజమే. కాబో డెల్గాడోలో అఫుంగి అనే చోట టోటల్ కంపెనీ కడుతున్నది, 2,000 కోట్ల డాలర్ల పని, అందులో మన ఓఎన్‌జీసీ విదేశ్, ఆయిల్ ఇండియా, భారత్ పెట్రోలియం కలిపి 30 శాతం వాటా పెట్టాయి. అదే రాష్ట్రంలో 2017 అక్టోబర్ నుంచి సాయుధ ముఠాల దాడులు. 2021 మార్చిలో పక్కనున్న పాల్మా ఊరి మీద పడితే, హోటల్లో ఇరుక్కున్న కాంట్రాక్టు పనివాళ్లు బయటపడబోతూ దారిలో చనిపోయారు. కంపెనీ ఆ ఏప్రిల్‌లో పని ఆపేసింది, 2025 నవంబర్‌లో ఆ ఆపుదల ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. రువాండా సైనికులు కాపలా ఉన్నారు. దాడులు తగ్గాయి గానీ పూర్తిగా ఆగలేదు. ఉపాధి దొరకని అక్కడి కుర్రాళ్లు, కళ్లముందు గ్యాస్ పోతున్నా తమకేం రాదన్న కోపంతో ఆ ముఠాల్లో చేరారని చాలామంది అంటారు, మతం ఒక్కటే కారణం కాదు.

ఇక నీ ఏజెంటు. "ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు" అని గొప్పగా చెప్పి ఉంటాడు. అది నిజమే, గల్ఫ్ దేశాల్లాగా మొజాంబిక్ ఆ ప్రభుత్వ అనుమతి కావాల్సిన 18 దేశాల జాబితాలో లేదు. దానర్థం నీ కాంట్రాక్టుని మన ప్రభుత్వం వైపు నుంచి ముందుగా చూసేవాడు లేడని కూడా. మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ఉంటుంది, పేరు కాదు, లైసెన్సు నంబరు కొట్టి చూడు. రిజిస్టరైన ఏజెంటు నీ దగ్గర తీసుకోగలిగేది రూ.30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. రెండు లక్షలంటున్నాడంటేనే సగం సంగతి తెలిసిపోతోంది. విజిట్ వీసా మీద పంపి అక్కడికెళ్లాక మార్పిస్తానంటే అసలు కదలొద్దు. కాంట్రాక్టు పోర్చుగీసులో ఉంటే ఇంగ్లిషు నకలు అడుగు. అందులో నిన్ను పెట్టుకుంటున్న కంపెనీ పేరు, సైట్ పేరు, జీతం డాలర్లలోనా మెటికల్లోనా, ఇన్సూరెన్స్, గొడవలైతే ఎవరి ఖర్చుతో వెనక్కి తెస్తారు, ఈ ఐదూ రాసి ఉండాలి. ఏజెంటు నోటిమాటగా చెబితే, ఆ కాగితం వచ్చేదాకా పాస్‌పోర్టు మీ ఇంట్లో బీరువాలోనే ఉండనీ.